మేడ ఎక్కని కుక్క

సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పేశాడు. నేను ఆ ఇంటి తలుపు తట్టేసరికి ఉదయం పదకొండు ఇరవై. మోకాళ్ళు అరిగిపోయి, పోలీసు ఉద్యోగం వదిలేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఆడదానికి ఐదు గంటల నలభై నిమిషాలు ఏ మూలకి సరిపోతాయి? దారి పొడుగునా విసుక్కుంటూనే ఉన్నాను. కానీ రాకుండా ఉండలేకపోయాను. నిన్న నా ఆఫీసులో కూర్చుని ఆ తల్లి అడిగిన మాట అలాంటిది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా తమని తప్పించమంటారు, లేదా ఇంకెవరినో పట్టించమంటారు. ఆవిడ రెండూ అడగలేదు.

"నా కూతుర్ని నేనే చంపానో లేదో కనుక్కోండక్కా. చంపితే చంపానని చెప్పండి. నాకు తెలియాలి, అంతే" అంది.

ఆ కూతురికి తొమ్మిదేళ్ళు. గుప్పెడంత ఉండేదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారట. పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. సోమవారం మధ్యాహ్నం బడి నుంచి దగ్గుతూ వచ్చి, మేడ మీద తన గదిలో తలుపేసుకుని పడుకుంది. మళ్ళీ లేవలేదు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది కుక్క ఒక్కటే. ఇవాళ గురువారం. ఇన్‌స్పెక్టర్ దృష్టిలో ఇందులో తేల్చాల్సిందేమీ లేదు. ఉబ్బసం ఉన్న పిల్లకి కుక్కని కొనిపెట్టింది తల్లి, ఆ రోజు ఆలస్యంగా ఇంటికొచ్చింది తల్లి, కాబట్టి నిర్లక్ష్యం తల్లిది, కేసు తల్లి మీద.

తలుపు తీసింది పిల్ల తండ్రి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నాలుగు రోజుల గడ్డం, గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు. కూర్చోమన్నాడు, తను మాత్రం నిలబడే ఉన్నాడు. అడిగినదానికి టైములతో సహా జవాబు చెప్పాడు. సోమవారం ఆరున్నరకల్లా డ్యూటీకి వెళ్ళాడు. నాలుగు యాభై రెండుకి భార్య ఫోన్ చేసింది. ఐదూ ఇరవైకి ఇంటికి చేరాడు. అప్పటికే అంతా అయిపోయింది. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. దుఃఖంలో ఉన్న మగాడు మరీ గుచ్చి అడిగితే బిగుసుకుపోతాడని నాకు తెలుసు. వదిలేశాను. ఆ వదిలెయ్యడమే నేను చేసిన మొదటి పొరపాటు.

తల్లి వంటగదిలో ఉంది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి, మంట వెలిగించి, దాన్నే చూస్తూ నిలబడింది. నేనే వెళ్ళి స్టవ్ కట్టేశాను. ఆవిడ ఒక ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. నాలుగింటికి డ్యూటీ దిగి, నాలుగుంపావుకి ఇంటికి వచ్చేస్తుంది రోజూ. సోమవారం చివరగా ఒక ముసలాయన వచ్చాడట. నరం దొరకలేదు. ఒక చేతికి రెండుసార్లు, ఇంకో చేతికి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఇల్లు చేరేసరికి నాలుగూ యాభై.

"ఆ నరం మొదటిసారే దొరికుంటే..." అంది, నా మొహంలోకి చూస్తూ.

ఇంతలో కుక్క వచ్చింది. బిస్కెట్ రంగు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, నడుము ఎత్తు ఉంది. పరాయిదాన్ని కదా అని మొరగలేదు కూడా. నా బూటు మీద గడ్డం ఆనించి, నిట్టూర్చి, నా కాళ్ళకి ఒరిగి కూర్చుంది. దాని పేరు ఉంగరాలు. జుట్టు ఉంగరాలు తిరిగి ఉండేదని పిచ్చుకే పెట్టిందట.

అసలు ఈ కుక్క ఎందుకు వచ్చిందో తల్లి చెప్పుకొచ్చింది. పిల్లకి కుక్కలంటే ప్రాణం. డాక్టరేమో కుక్క మాటెత్తొద్దన్నాడు. రెండేళ్ళ కిందట ఎవరో లాబ్రడూడుల్ గురించి చెప్పారు. లాబ్రడార్‌కీ పూడిల్‌కీ పుట్టిన కుక్క, జుట్టు రాలదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు కూడా పెంచుకుంటున్నారు అని. ఈవిడ ఆ మాట పట్టుకుని గుడ్డిగా కొనెయ్యలేదు. నాలుగు ఆదివారాలు వరసగా పిల్లని తీసుకెళ్ళి, ఆ కుక్కపిల్లతో గంటేసి సేపు కూర్చోబెట్టి, ఊపిరి చూసుకుని, ఐదో ఆదివారం ఇంటికి తెచ్చుకుంది. రెండేళ్ళలో కుక్క వల్ల ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. డాక్టరే ఆశ్చర్యపోయి, సరే, పడకగదిలోకి మాత్రం రానివ్వొద్దు అని ఊరుకున్నాడట.

మరి రాకుండా ఏం చేశారు, మెట్లకి గేటేమైనా పెట్టారా అని అడిగాను.

"అవసరమే రాలేదక్కా. మా కుక్క మేడ ఎక్కదు."

దానికి తుంటి కీళ్ళు పుట్టుకతోనే సరిగ్గా అతకలేదట. ఎక్స్‌రే తీసి పశువుల డాక్టరు చెప్పాడు. రెండు మెట్లెక్కితే మూడో మెట్టుకి కూలబడేది. దానికి తోడు ఎడమ చెవి ఎప్పుడూ చీము పట్టేది. జుట్టు దట్టంగా ఉండే వేలాడే చెవులు, గాలి తగలదు. అరలో చెవి మందు సీసా కనిపిస్తే తీసి చూశాను. సీలు కూడా ఊడలేదు. ఎవరు వేస్తారని అడిగితే, ఆయనే, రోజూ రాత్రి, ఎంత అలిసిపోయి వచ్చినా మానడు అంది. కొత్త సీసా కాబోలనుకుని మళ్ళీ అరలో పెట్టేశాను. ఇది రెండో పొరపాటు.

గది చూస్తానని లేచాను. మెట్లు పధ్నాలుగు. నేను మెట్ల రెయిలింగు పట్టుకుని మూడో మెట్టు మీద మోకాలిని తిట్టుకుంటూ ఉండగా, కుక్క నా పక్కనుంచి దూసుకుపోయి, పధ్నాలుగు మెట్లూ ఒక్క ఊపులో ఎక్కేసి, పైనుంచి నాకేసి చూసి తోక ఊపింది.

నేను తల్లి వైపు తిరిగాను. ఆవిడ కింద మెట్టు దగ్గరే ఆగిపోయింది. సోమవారం నుంచీ పైకి ఎక్కలేదట.

"ఎప్పటినుంచమ్మా ఇది?"

"సోమవారం పొద్దున్న చూశానక్కా మొదటిసారి. మెట్లు దిగి వస్తోంది. మందులు పనిచేశాయి, కాళ్ళు బాగుపడ్డాయి అనుకుని సంతోషపడ్డాను. సాయంత్రం ఆయనకి చెప్పి గేటు పెట్టించాలనుకున్నాను."

ఆ సాయంత్రం ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలుసు. నేను పైకి వెళ్ళాను.

చిన్న గది. మంచం, బల్ల, గోడకి బడి టైమ్‌టేబుల్. పడుకునేటప్పుడు మూసుకున్న కిటికీ మూసే ఉంది. తలుపు లోపలి వైపు అడుగున చెక్క గీరుకుపోయి ఉంది. తాజా గీతలు, పొడవుగా, ఒకదాని మీద ఒకటి. కింద సన్నటి రంపపు పొడిలాంటి చెక్క పొట్టు. ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో పక్కింటాయన వాంగ్మూలం ఉంది. నాలుగూ ఐదుకి కుక్క మొరగడం మొదలుపెట్టింది, పావుగంట ఆపకుండా మొరిగింది, చిరాకేసి కిటికీ వేసుకున్నాను అని. పిల్ల మందు పీల్చే పంపు బడి సంచిలో, కింద ముందుగదిలో ఉంది. ఆ కుక్కకి తలుపు తియ్యడం చేతనైతే అది పంపు తెచ్చేది కాదు గానీ, పక్కింటాయన్ని పట్టుకునైనా లాక్కొచ్చేది.

మంచం మీద పిల్ల దిండు పక్కన ఇంకో చిన్న దిండు వేసి ఉంది. బొమ్మలదేమో అనుకుని వంగి చూశాను. దాని నిండా వెంట్రుకలు. దుప్పటి మీదా వెంట్రుకలే. అంగుళం పొడవు, బిస్కెట్ రంగు, తిన్నగా, చీపురు పుల్లల్లా. కుక్క మంచమెక్కి ఆ చిన్న దిండు మీద తల పెట్టుకుంది. తన కోసం వేసిన దిండని దానికి తెలుసు.

అప్పుడు నా కాళ్ళకేసి చూసుకున్నాను. నా నల్ల ప్యాంటు మోకాలి దాకా బిస్కెట్ రంగు అయిపోయి ఉంది.

జుట్టు రాలని కుక్క. మేడ ఎక్కని కుక్క.

కిందికి దిగి, తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. కుక్కకి జుట్టు ఎప్పుడు కత్తిరించారని అడిగాను. రాలని జుట్టు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆరు వారాలకోసారి పార్లర్‌కి తీసుకెళ్ళాలి. కిందటి శనివారం కాదు, ఆ ముందు శనివారం పొద్దున్న తను దింపి వచ్చింది, సాయంత్రం భర్త తీసుకొచ్చాడు. కత్తిరించాక ప్రతిసారీ కొత్త కుక్కలా ఉంటుందని అందరూ నవ్వుకోవడం మామూలే.

"పిచ్చుక కూడా నవ్విందా?"

ఆవిడ చీకటి గదిలో స్విచ్ వెతుక్కున్నట్టు వేళ్ళతో మెట్టు అంచు తడుముకుంది.

"ఇది మన ఉంగరాలు కాదమ్మా అంది. ఆ శనివారమే అంది. మాటిమాటికీ వేషాలెయ్యకు అని కసిరాను. మళ్ళీ బుధవారం అంది. అప్పటికి కొంచెం దగ్గుతోంది, గాలి మారింది కదా అనుకున్నాను. ఆ వారమంతా కుక్కని దగ్గరికి రానివ్వలేదు, ముట్టుకోలేదు. మూడోసారి ఆదివారం రాత్రి, అన్నం దగ్గర. నాన్నా, నిజం చెప్పు, మనది ఎక్కడుంది అని ఏడుపు మొహం పెట్టింది. ఆయన పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, నీ మీద ఒట్టు తల్లీ, ఇదే మన ఉంగరాలు అన్నాడు. నాన్న ఒట్టేస్తే దానికి ఇంక తిరుగు లేదక్కా. పాపం, వారం రోజులు దీన్ని దూరం పెట్టానే అని లేచెళ్ళి కుక్కని కౌగిలించుకుంది. రాత్రి ఎప్పుడు పైకి పిలుచుకుందో నాకు తెలీదు."

మూడుసార్లు చెప్పింది పిల్ల. ముగ్గురున్న ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే డిటెక్టివ్. ఆ మాట తల్లితో అనలేదు. కుక్కని డాక్టరుకి చూపించి తెస్తానని చెప్పి బయల్దేరాను. తండ్రి గుమ్మం దాకా వచ్చి, దేనికి మేడమ్ అని అడిగాడు. ఊరికే అన్నాను.

పశువుల డాక్టరు మాటకారి. ఎక్స్‌రే బల్ల మీద కుక్కకి మత్తిచ్చి పడుకోబెట్టేలోపు సగం పాఠం చెప్పేశాడు. ఎన్నో ఏళ్ళ కిందట చూపులేని ఒకావిడకి దారి చూపించే కుక్క కావాల్సి వచ్చిందట. ఆవిడ భర్తకి కుక్క వెంట్రుకలు పడవు. లాబ్రడార్‌కి నేర్చుకునే బుద్ధి ఉంది, పూడిల్‌కి రాలని జుట్టు ఉంది, కలిపి చూద్దామనుకున్నారు. మూడు పిల్లలు పుట్టాయి. మూడింటి వెంట్రుకలూ, ఉమ్మీ ఆయన మీద పరీక్షిస్తే ఒక్కటే పడింది.

"ఒకే తల్లి కడుపున పుట్టిన మూడింట్లో ఒక్కటి. ఆ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. అన్నకి తల్లి జుట్టు, తమ్ముడికి తండ్రి జుట్టు రావొచ్చు. ఒకడు రాల్చడు, ఇంకొకడు ఇల్లంతా రాలుస్తాడు. అసలు అందరికీ పడే కుక్క అంటూ లేదమ్మా. పడనిదేదో కుక్క ఒంటి పొట్టులోనూ ఉంటుంది, ఉమ్మిలోనూ ఉంటుంది. ఆ పాప అదృష్టం కొద్దీ ఉంగరాలు పడింది."

అదృష్టం అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే ఇబ్బందనిపించింది. వెంటనే ఫిల్ము వైపు తిరిగాడు.

రెండు ఫిల్ములు వెలుతురు పెట్టె మీద పక్కపక్కన పెట్టాడు. ఎడమది ఎనిమిది నెలల కిందట తీసిన ఉంగరాలుది. తుంటి గిన్నెలో ఎముక సగం బయటే ఉంది. కుడిది ఇప్పటిది. గిన్నెలో బంతిలా కుదురుగా కూర్చుని ఉంది. చెవి కూడా చూశాడు. శుభ్రంగా ఉంది, ఎప్పుడూ జబ్బు పడిన చెవి కాదన్నాడు. మందులకి ఎముక ఇలా తిరగదు. ఇది వేరే కుక్క.

అప్పటికి రెండుంపావు. వెనక నుంచి బూట్ల చప్పుడు.

"సాక్ష్యాన్ని చెప్పాపెట్టకుండా తోలుకొచ్చేశారా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్. ఆరేళ్ళు నా కింద పనిచేశాడు. రిపోర్టు ఎలా రాయాలో నేనే నేర్పాను, ఇప్పుడు ఆ రిపోర్టులతోనే నా ప్రాణం తీస్తున్నాడు. చిన్నవాడే కానీ తెలివితక్కువవాడు కాదు. రెండు ఫిల్ములూ చూపించి జరిగింది చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు. విన్నాక ఒకే మాట అడిగాడు.

"తొమ్మిదేళ్ళ పిల్ల కనిపెట్టింది. మూడుసార్లు చెప్పింది. తల్లి వినలేదు. దీనివల్ల నా కేసు బలపడిందా, బలహీనపడిందా?"

నాకు ఒళ్ళు మండింది. నువ్వు మీ పిల్లలు చెప్పేవన్నీ వింటున్నావా అని అడిగాను. అతను తొణకలేదు.

"మీతో ఇదే వచ్చింది మేడమ్. ఏడ్చే తల్లి కనిపిస్తే మీకు చట్టం కనపడదు. ఉద్యోగం పోయింది కూడా అందుకేగా."

"పోలేదు. నేను వదిలేశాను."

"సరే, వదిలేశారు. నేను ఐదింటికి ఆ ఇంట్లో ఉంటాను. కుక్కని మార్చింది ఎవరో మీరు చెప్తే వింటాను. చెప్పలేకపోతే ఆవిడని స్టేషన్‌కి తీసుకెళ్తాను. నాకూ సరదా కాదు."

చివరి మాట మాత్రం నిజంగానే అన్నట్టనిపించింది. అందుకే ఇంకా కోపం వచ్చింది. మత్తు వదిలేదాకా కూర్చుని, తూలుతున్న కుక్కని కారెక్కించుకుని పార్లర్‌కి వెళ్ళాను. మూడూ ఇరవై.

పార్లర్ అంటే ఒకే పెద్ద గది. జుట్టు కత్తిరించే బల్లలు రెండు, స్నానం తొట్టి, మూలన ఊడ్చి కుప్పేసిన జుట్టు. ఆ పార్లర్ ఆవిడే కుక్కల్ని పెంచి పిల్లలు పెట్టిస్తుంది కూడా. నా కంటే రెండు మూడేళ్ళు చిన్నదేమో. చేతుల నిండా కత్తెర గాట్లు. నన్ను చూసి ఏం కావాలమ్మా అనబోయింది. కుక్క నా చేతిలోంచి పట్టీ లాక్కుని, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా ఆవిడ చుట్టూ రెండుసార్లు తిరిగి, తిన్నగా వెనక తలుపు పక్కన పాత పరుపు మీదకి వెళ్ళి పడుకుంది. ఆ పరుపు మధ్యలో సరిగ్గా దాని ఒంటికి సరిపోయే గుంట ఉంది.

"ఇది నీదేగా" అన్నాను.

ఆవిడ బల్ల పట్టుకుని నిలబడింది. కాదనలేదు.

నేను అడగకుండానే రేకు డబ్బా తెచ్చింది. ఆవిడ దగ్గర ప్రతి కుక్కకీ ఒక అట్ట కార్డు ఉంటుంది. పుట్టిన పిల్లలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి గుర్తుకి ఒక్కోదాని మెడకీ ఒక్కో రంగు ఊలు దారం కడుతుంది. పెద్దయ్యాక ఆ దారాన్నీ, మొదటిసారి కత్తిరించిన జుట్టులోంచి ఒక కుచ్చునీ కార్డుకి అంటిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా తేదీ, టైము రాసుకుంటుంది. కార్డు మీద కుక్క పేరు ఉండదు, ఇంట్లో పిల్లల పేరే ఉంటుంది. ఉంగరాలు పుట్టిన ఈతలో మొత్తం ఏడు పిల్లలు. ఎర్ర దారంది పిచ్చుకకి వెళ్ళింది. నీలం దారందాని జుట్టు తిన్నగా వచ్చింది, రాలుతుంది. ఉంగరాల జుట్టు కావాలని వచ్చినవాళ్ళెవరూ దాన్ని తీసుకోలేదు. ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

పిచ్చుక కార్డు తీసి చూశాను. అంటించిన కుచ్చు ఉంగరాలు తిరిగి, వేలితో లాగి వదిలితే మళ్ళీ చుట్టుకుంటోంది. నా ప్యాంటు మీది వెంట్రుక ఒకటి తీసి పక్కన పెట్టాను. పుల్లలా పడుంది.

కార్డు అడుగున చివరి గీత చదివాను. తర్వాత ఆవిడని మొదటి నుంచీ చెప్పమన్నాను.

ఆ శనివారం పదకొండింటికి స్నానం అయ్యాక ఉంగరాలు కడుపు ఉబ్బడం మొదలైందట. వాంతి చేసుకోబోతుంది, రాదు. లోపల పొట్ట మెలిక పడింది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలకి వస్తుంది, వస్తే గంట రెండు గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి. ఆవిడ ఎత్తుకుని బండి దాకా వెళ్ళింది. బండిలోనే పోయింది. పన్నెండూ యాభై. కార్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"ఆయన ఒకటిన్నరకి వచ్చాడమ్మా. ఇదిగో ఇక్కడ, ఈ నేల మీద కూర్చుని ఏడ్చాడు. జలుబు ముదిరి ఆసుపత్రిలో చేరిన పాప ఇంటికొచ్చి వారమే అయింది, ఏడిస్తే ఊపిరి అందదు, ఏడవనివ్వొద్దని డాక్టరు చెప్పాడు, ఇప్పుడు ఈ మాట చెప్తే నా పిల్ల దక్కదు అన్నాడు. నీలాన్ని చూశాడు. పది రోజులు ఇవ్వు తల్లీ, కొంచెం తేరుకున్నాక నేనే నెమ్మదిగా చెప్తాను, తెచ్చి ఇచ్చేస్తాను అని కాళ్ళ మీద పడబోయాడు."

"ఇది రాలుస్తుందని చెప్పావా?"

"చెప్పాను. రోజూ దువ్వమన్నాను. పాప పడుకునే గదిలోకి మాత్రం రానివ్వకండి అని రెండుసార్లు చెప్పాను." ఆవిడ రేకు డబ్బాకి మూత పెట్టింది. "దానికేం భయం లేదు, మా కుక్క మేడ ఎక్కదు అన్నాడు."

నేను ఆ కత్తిరింపు బల్ల మీదే కూర్చున్నాను.

మేడ ఎక్కనిది ఉంగరాలు. అది ఆ ఇంటి నియమం కాదు, ఆ కుక్క తుంటి. రెండేళ్ళు అలవాటు పడిపోయిన మనిషికి, ఆ రోజు నేల మీద కూర్చుని ఏడుస్తున్న మనిషికి, కుక్క మారితే కాళ్ళు కూడా మారతాయని తట్టలేదు. లిఫ్టులో ప్రతి బోల్టూ రెండుసార్లు చూసే మనిషి. సీలు ఊడని చెవి మందు సీసా అప్పుడు గుర్తొచ్చింది నాకు. జబ్బు లేని చెవిలో మందు ఎందుకు వేస్తాడు? అందరికంటే ముందు అతనికే తెలుసు. పదో రోజు మంగళవారం. పిల్ల సోమవారం పోయింది.

ఉంగరాలు ఎక్కడుందని అడిగాను. పార్లర్ వెనక పెరట్లో గొయ్యి తీసి పిల్ల తండ్రే పాతిపెట్టాడట. ఎర్ర పట్టీ మాత్రం విప్పి నీలానికి కట్టాడు.

కార్డు అడిగి తీసుకున్నాను. దారి పొడుగునా ఆలోచించాను. కుక్కని పార్లర్ ఆవిడ మార్చింది అని చెప్పొచ్చు. అది సగం నిజం. పోలీసు ఉద్యోగంలో సగం నిజాలతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసినదాన్ని, ఇంకొక్కటి చెప్తే పోయేదేముంది? తల్లి కేసులోంచి బయటపడుతుంది, తండ్రి ఆవిడకి తోడుగా మిగులుతాడు. ఇన్‌స్పెక్టర్ అన్నది నిజమే, ఏడ్చే తల్లి కనిపిస్తే నాకు ఇంకేమీ కనపడదు. ముందు తండ్రిని పక్కకి పిలిచి, నువ్వే చెప్పుకుంటావా అని అడుగుదామని నిర్ణయించుకున్నాను. ఆ మాత్రం వ్యవధి నాకు దొరుకుతుందనుకున్నాను.

నాలుగూ నలభైకి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టర్ ముందే వచ్చి ఉన్నాడు. ముందుగదిలో కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తల్లి అదే మెట్టు మీద ఉంది, పొద్దున్న నేను వదిలి వెళ్ళిన చోటే. కుక్క నాకంటే ముందు లోపలికొచ్చి, అందరినీ దాటుకుని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

తండ్రి దాన్ని చూశాడు. పధ్నాలుగు మెట్లూ ఎక్కేదాకా చూశాడు. అది మెట్లెక్కడం అతను చూడటం అదే మొదటిసారని నాకు అర్థమైంది. సోమవారం నుంచీ ఇంటినిండా జనం, కుక్క ఏ మూలన పడుందో ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున్న కూడా అతను ముందుగదిలోనే ఉండిపోయాడు. గోడ మీదనుంచి జారి అలాగే కింద కూర్చున్నాడు.

"మీరొకసారి ఇలా బయటికి రండి" అన్నాను అతనితో.

అతను లేవలేదు. తల్లి లేచింది. నా చేతిలో కార్డు చూసింది. ఎర్ర దారం, ఉంగరాల కుచ్చు. అది తన ఉంగరాలుదని చెప్పాల్సిన పనిలేదు. నేను వెనక్కి తీసుకునేలోపు చేతిలోంచి తీసుకుంది. రోజంతా రక్తం సీసాల మీద పేరు, తేదీ, టైము చదివే మనిషి. పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుకుంటూ పోయి, చివరి గీత దగ్గర ఆగింది. ఒకసారి లోపల చదువుకుంది. రెండోసారి పైకి చదివింది.

"శనివారం. పన్నెండూ యాభై. చనిపోయింది. పిచ్చుక నాన్నగారు వచ్చి చూశారు."

ఇన్‌స్పెక్టర్ కలానికి మూత పెట్టాడు.

ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది. అరవలేదు, కొట్టలేదు. చిన్నపిల్లని అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఆదివారం రాత్రి దాని నెత్తి మీద చెయ్యి పెట్టావు కదా?"

అతను కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఏడుస్తుందని, ఏడిస్తే ఊపిరి ఆడదని, మంగళవారం చెప్దామనుకున్నానని, ఏదో చెప్పబోయాడు. ఒక్క మాటా పూర్తిగా రాలేదు. పైన గదిలో కుక్క మంచమెక్కిన చప్పుడు వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ నా పక్కకి వచ్చి, తల్లి మీద ఏమీ లేదని రాసేస్తాను మేడమ్ అన్నాడు, ఎప్పుడూ వినని గొంతుతో. నేను గెలిచాననే లెక్క. తల్లి దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, నిన్న నన్ను అడిగినదానికి జవాబు చెప్పాను. నువ్వు కాదమ్మా, నువ్వు చంపలేదు అన్నాను.

ఆవిడ తలెత్తి నాకేసి చూసింది. ఇన్నేళ్ళలో చాలామంది నన్ను తిట్టారు, శపించారు. ఎవరూ అలా చూడలేదు.

"నేను చంపానో లేదో కనుక్కోమన్నానక్కా" అంది. "ఇంకెవరో కనుక్కోమని నేను అడగలేదు కదా."